మా ఇంటి సభలో రెండో నియమం

ఇరవై ఏళ్ల వయసులో మనకు తెలిసినదానికి రెండింతలు తెలుసనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకు నాలుగింతలు అనిపించేది. (బడికి పోలేదు కాబట్టి, నాకంటే తెలిసినవాళ్లు ఇంకెందరున్నారో చూసే అవకాశం రాలేదు.) చిన్నప్పుడు మాటిమాటికీ జ్వరాలతో మంచం పట్టేదాన్నని మా బాపు నన్ను బడి మాన్పించి, తానే చదువు చెప్పాడు. ఆయన ఆర్మూర్‌లో ఒక పసుపు దుకాణంలో గుమాస్తా. పొద్దున పేపరు, సాయంత్రం పాఠం. ఆ చదువు దొరికినందుకు ఇప్పటికీ దేవుడికి రోజూ ఒక నమస్కారం ఎక్కువే పెడతాను.

ఒకసారి శాసనసభ పాఠం వచ్చింది. బిల్లును ఎప్పుడు తేవాలో, ఎన్నిసార్లు చదవాలో, ఎవరు ఎప్పుడు మాట్లాడాలో సభే ముందుగా నియమాలు పెట్టుకుంటుందని బాపు చెప్పాడు. చెప్పి, "మనింట్ల గూడ గట్లనే పెట్టుకుందాం," అన్నాడు. అప్పటిదాకా మా ఇంట్లో ఏ నిర్ణయమైనా ఐదుగురం ఒకేసారి అరవడం, ఎవరి గొంతు ముందు బొంగురుపోతే వాళ్లు ఓడిపోవడం, ఇదే పద్ధతి. ఇకనుంచి ఆదివారం అన్నాలయ్యాక సభ. బాపు స్పీకరు. అమ్మ, నాయనమ్మ, బాపు తమ్ముడు మా కాక, నేను సభ్యులం. కాక దేనికైనా "కానియ్యి" అనే మనిషి, కాబట్టి ఆఖరున ఎవరు మాట్లాడితే ఆయన ఓటు వాళ్లది. నియమాలు రాసే పని నాది. ఎంత శ్రద్ధగా రాశానో! ఒకటి, బిల్లు రాతలో ఉండాలి. రెండు, సభకు రెండు రోజుల ముందే అందరికీ చదివి వినిపించాలి. మూడు, మొదటిసారి చదివినప్పుడు ఎవరూ నోరు మెదపకూడదు, రెండోసారి ఒక్కో మాట మీద వాదించి సవరణలు పెట్టుకోవచ్చు, మూడోసారి ఔను, కాదు తప్ప మరో మాట అనకూడదు.

మొదటి సభలోనే నాయనమ్మ లేచింది. కాక పండించిన పసుపును ఉడకబెట్టి మా డాబా నిండా ఆరబోసేవాళ్లం. ఆ పక్కనే ఆమె వడియాలు పెట్టుకునేది. పసుపు దుమ్ము పడి అవి పచ్చగా తేలేవి. కిందటేడు చుట్టాలు వాటిని పకోడీలనుకుని గుప్పెళ్లతో వడ్డించుకుని, కొరికాక పక్కన పెట్టేశారు.

"డాబా మీద తూర్పు మూల నా వడియాలకు ఇడవాలె. గంతే నా బిల్లు," అంది నాయనమ్మ.

"రాతల లేదు నాయనమ్మా. రెండు రోజుల ముందుగాల సదివి ఇనిపియ్యలే. సభ తీసుకోదు," అన్నాను నేను, నోటుపుస్తకం మూస్తూ.

అక్షరం ముక్క రాని మనిషితో ఆ మాటన్నాను. ఆమె "గట్లనా బిడ్డా?" అంది. ఆ సాయంత్రం దీపం ముందు నేను రోజూలాగే పురాణం చదివి వినిపించాక, "ఇగ నీ నియమాలు గూడ సదువు," అంది. మర్నాడూ అంతే. నా నియమాల మీద ఆమెకు భక్తి పెరిగిందనుకుని మురిసిపోయాను. వారంలో ఆమెకు అన్నీ కంఠతా వచ్చేశాయి. వడియాలు మాత్రం ఆ విడత కూడా పచ్చగానే ఎండాయి.

తరువాతి ఆదివారం పొద్దున పేపరు మడతలోంచి ఒక కాగితం జారి పడింది. నిజామాబాద్‌లో ఆడపిల్లలకు మూడు నెలల కంప్యూటర్ కోర్సు, ఉచితం, చేరడానికి సోమవారం పన్నెండు గంటలే గడువు. ఒంటరిగా బస్సెక్కి ఎరుగని నాకు అది స్వర్గం నుంచి వచ్చిన ఉత్తరంలా కనిపించింది. పరుగున బిల్లు రాసి, మధ్యాహ్నం సభలో లేచి, "ఈ ఇంటి ఆడబిడ్డ నిజామాబాదు పోయి..." అని మొదలుపెట్టాను.

"ఆగు. రెండో నియమం," అంది నాయనమ్మ.

"పొద్దుగాలనే ఎరుకైంది నాయనమ్మా! రేపటితోని అయిపోతది!"

"నా వడియాల కోసం ఎండ ఆగిందా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాక "కానియ్యి" అన్నాడు. (ఏది కానివ్వాలో ఎవరికీ తెలియలేదు.) బాపు గొంతు సవరించుకుని, "నియమాన్ని ఒక్కపూట పక్కకు పెట్టొచ్చు. పెద్ద సభలల్ల గూడ గా పద్ధతి ఉన్నది. గని మన సభల అందరు ఒప్పుకోవాలె. ఒక్కలు వద్దన్నా నడువది," అన్నాడు.

అందరం నాయనమ్మ వైపు చూశాం. ఆమె తమలపాకు ఈనెలు తీస్తోంది. మూడు ఆకులయ్యాయి. మా గూట్లో ఉన్న దేవుళ్లందరికీ నేను పేరుపేరునా మొక్కుకున్నాను.

"సాయంత్రం పురాణం ఎవలు సదువుతరు?" అందామె తల ఎత్తకుండానే.

అంతవరకు నేను ఆమె పగ తీర్చుకుంటోందనే అనుకున్నాను.

"నేనే సదువుత. దీపం పెట్టే యాల్లకు వచ్చేస్త."

"నోటితోని చెప్తే సభ తీసుకోదు. బిల్లుల రాయి."

అలా రెండో నియమం ఒక్కపూట పక్కకు జరిగింది. రెండోసారి చదివినప్పుడు నాయనమ్మ రెండు సవరణలు పెట్టింది. దీపం వేళకు ఇంటికి చేరి ఒక పేజీ చదవాలి. సీటుంటేనే బస్సెక్కాలి. మూడోసారి కాక మళ్లీ "కానియ్యి" అంటే, "ఔను అనాలె తమ్మీ," అన్నాడు బాపు. "ఔను, కానియ్యి," అన్నాడు కాక.

సోమవారం పొద్దున బస్సులన్నీ కిక్కిరిసి వచ్చాయి. మూడో బస్సు కండక్టర్, "ఎక్కు చెల్లె, లోపలికి జరుగుతరు," అన్నాడు.

"సీటున్నదా అన్నా?"

"సీటా! కాలు పెట్ట జాగుంటే సాలదా?"

"మా ఇంట్ల చట్టం అయ్యింది అన్నా."

ఆయన నన్ను జాలిగా చూసి విజిల్ ఊదాడు. నాలుగో బస్సులోంచి ఒక పెద్దాయన దిగడంతో సీటు దొరికి, గడువుకు పది నిమిషాల ముందు చేరాను. ఆయన పేరు తెలియదు. దేవుడు చల్లగా చూడాలి. ఆ సాయంత్రం పేజీ చదివాక తూర్పు మూల బిల్లును నాయనమ్మ చెబుతుంటే నేను రాశాను. రెండు రోజుల ముందేం ఖర్మ, ఆరు రోజుల ముందే అందరికీ చదివాను. సభలో ఎవరూ కాదనలేదు. తరువాతి విడత వడియాలు మల్లెపూలలా వచ్చాయి.

ఇప్పుడు ఆర్మూర్‌లోనే జనాల అర్జీలు టైపు చేసి పెడుతున్నాను. నాయనమ్మ పోయింది, ఆమెతోనే సభ కూడా ఆగిపోయింది. ఆమె పోయాక ఒకరోజు నోటుపుస్తకం తీసి చూస్తే, కోర్సుకు మూడు నెలలని రాసి ఉంది కానీ, ఆ రెండు సవరణలకు గడువు రాయడం మరిచాను. వాటిని రద్దు చేయాలంటే మళ్లీ బిల్లు తేవాలి, సభ్యులందరికీ రెండు రోజుల ముందే చదివి వినిపించాలి. ఒక సభ్యురాలికి వినిపించే దారి లేదు. అందుకని నిండుగా వచ్చిన బస్సులను ఈనాటికీ వదిలేస్తాను. దీపం వేళకు ఇంటికి చేరి ఒక పేజీ చదువుతాను, ఎక్కడో వెనక వరసలో కూర్చున్న ఆ సభ్యురాలికి కూడా వినపడేంత గట్టిగా.