జిగణి క్వారీల డైవర్ ఓబులేష్

మడకశిర పక్కన వానలెరగని పల్లెలో పుట్టినవాడు నేవీలో చేరడమే విడ్డూరం. ఓబులేష్ అందులోనూ డైవర్ అయ్యాడు. చిన్నప్పుడు అతనికి తెలిసిన నీళ్ళల్లా ఊరి దిగుడుబావివే. నడుముకు బెండు కట్టి నాన్న అందులోకి తోసిన రోజే నీళ్ళ భయం పోయింది. పద్దెనిమిదేళ్ళకు నావికుడిగా చేరి, కొచ్చిలో శిక్షణ పొంది, పదిహేనేళ్ళపాటు ఓడల అడుగున పనిచేశాడు. చిక్కుపడ్డ తాళ్ళు కోశాడు, మునిగిన పడవల్లోంచి మనుషుల్ని పైకి తెచ్చాడు. ఆ లోతులకు కుడి చెవి వినికిడి పోయింది. సర్వీసు ముగిశాక, భార్య శశికళ పుట్టిల్లు దగ్గరని బెంగళూరు పక్కనున్న జిగణికి వచ్చి, ఒక ఫ్యాక్టరీలో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా కుదిరాడు. ఇక నీళ్ళలో దిగే పని లేదనుకున్నాడు.

జిగణి చుట్టూ బండ కొట్టి వదిలేసిన క్వారీలు బోలెడు. వానకు నిండి, పైకి పచ్చగా నిమ్మళంగా కనిపిస్తాయి. అంచున అడుగు జారితే తాటిచెట్టు లోతు. కట్టడాల్లో కూలికి వచ్చినవాళ్ళ రేకుల షెడ్లు వాటి పక్కనే. ఏటా ఎవరో ఒకరి బిడ్డ పోయేది.

ఒకరోజు పోలీసు కానిస్టేబుల్ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చాడు. "మీరు నేవీలో డైవరంట గదా సార్? క్వారీలో పిల్లోడు మునిగిపోయినాడు. ఫైర్ వాళ్ళు వచ్చేతలికి లేటవుతాది. తల్లి గట్టు మీద పడి ఏడుస్తా ఉండాది."

ఓబులేష్ వెళ్ళి పిల్లవాడి శవాన్ని తీశాడు. అప్పట్నుంచి ఎక్కడ ఎవరు మునిగినా అతనికే కబురు. తడి బట్టలతో ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయేవాడు.

"శవాల్ని తీసేకి నువ్వుండావు," అంది శశికళ ఒకసారి. "బతికుండేటప్పుడు పట్టుకునేకి ఎవురుండారు?"

ఆ మాట అతన్ని నిలవనివ్వలేదు. పంచాయితీ చుట్టూ, క్వారీ యజమానుల చుట్టూ తిరిగి తిరిగి పెద్ద క్వారీకి కంచె వేయించాడు. కొన్నాళ్ళకే ఎవరో తెంపేశారు. తెంపింది దొంగలు కాదు, బట్టలుతుక్కునే ఆడవాళ్ళు. షెడ్లకు వేరే నీళ్ళు లేవు మరి. ఓబులేష్ వాళ్ళను తిట్టలేదు. మేస్త్రీలతో, కాంట్రాక్టర్లతో పోట్లాడి షెడ్లకు ట్యాంకర్ తెప్పించాడు. ట్యాంకర్ వచ్చినా పిల్లలు ఎండాకాలం ఆ నీళ్ళను వదల్లేదు. అప్పుడిక, ఒకప్పుడు లారీలు దిగిన వాలు బాట దగ్గర, లోతు తక్కువున్న చోట, ఆదివారాలు ఈత నేర్పడం మొదలుపెట్టాడు.

కదిరి నుంచి వచ్చి ఇసుక మోసే లక్ష్మీదేవి మొదట ఒప్పుకోలేదు. "ఆడపిల్లకు ఈతెందుకప్పా?"

"నీళ్ళకు ఆడా మగా తెలుస్తాదా అమ్మా?" అన్నాడు.

ఆమె కూతురు సంధ్య చేపలా ఈదింది. పన్నెండేళ్ళ పిల్ల, నీళ్ళలోంచి తల ఎత్తి నవ్వుతుంటే అతనికి కడుపు నిండేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, తేలుతున్న బంతి కోసం వంగి ఇద్దరు చిన్నపిల్లలు క్వారీలో పడ్డారు. సంధ్య దూకింది. ఒకణ్ణి గట్టుకు చేర్చింది. రెండోవాడి కోసం మళ్ళీ వెళ్ళింది. ఓబులేష్ ఫ్యాక్టరీ నుంచి పరుగున వచ్చి మునిగి చూసేసరికి ఇద్దరూ అడుగున ఒకేచోట ఉన్నారు. రెండోవాడి చేతులు సంధ్య మెడ చుట్టూ బిగిసి ఉన్నాయి.

గట్టు మీద లక్ష్మీదేవి ఏడవలేదు. అతని ముఖంలోకే చూసింది. "ఈత రాకుంటే నా బిడ్డ ఈడనే నిలబడి అరిసిండేది గదప్పా. బతికుండేది గదా."

ఒక ప్రాణం కాపాడిన పిల్ల అని అందరూ సంధ్యను పొగిడారు. ఆ పొగడ్త చెవిన పడ్డప్పుడల్లా ఓబులేష్ అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేవాడు. మునిగేవాణ్ణి చేత్తో పట్టుకోకూడదన్నది నేవీలో తను నేర్చుకున్న మొదటి పాఠం. పిల్లలకు ముందు భయం పోనీ, అది తర్వాత చెప్పొచ్చులే అనుకుని ఆ పాఠం చెప్పనేలేదు.

ఈత నేర్పడం మానేశాడు. ఆ వానాకాలమంతా క్వారీ దారి తొక్కలేదు. చివరికి నంజమ్మ వచ్చింది, సంధ్య గట్టుకు చేర్చిన పిల్లవాడి తల్లి. "వాడు మళ్ళా నీళ్ళకాడికే పోతాండాడు. నేను పనికి పోతే చూసుకునేకి ఎవురూ లేరు. నువ్వే నేర్పియ్యప్పా."

"నా వల్ల కాదమ్మా," అన్నాడు.

ఆమె కదల్లేదు. గడపలోనే కూర్చుంది. శశికళ ఆమెకు కాఫీ ఇచ్చి, తనూ పక్కనే కూర్చుంది.

మళ్ళీ మొదలుపెట్టాడు, కానీ ఈసారి చాలా వారాలు ఎవర్నీ నీళ్ళలోకి దించలేదు. ఖాళీ క్యానుకు తాడు కట్టి విసరడం, గొంతు చించుకుని అరవడం, పెద్దవాళ్ళ కోసం పరిగెత్తడం, ఇవే నేర్పాడు. "నువ్వు దిగొద్దు, తాడు దిగల్ల," అని పిల్లల చేత పదే పదే అనిపించాడు.

లక్ష్మీదేవి అప్పటికే హొసకోటె దగ్గర వేరే కట్టడం పనికి వెళ్ళిపోయింది. ఓబులేష్ వెతుక్కుంటూ పోయాడు. నెత్తిన ఇసుక తట్టతో మెట్ల దగ్గర కనిపించింది. మునిగేవాణ్ణి చేత్తో పట్టుకోవద్దన్న మాట సంధ్యకు ముందే చెప్పలేదనీ, తప్పు తనదేననీ చెప్పాడు. ఆమె తట్ట దించకుండానే విన్నది.

"ఇప్పుడు పిల్లోళ్ళకు చెప్తాండావా?"

"చెప్తాండానమ్మా."

"చెప్పు," అంది. మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

మళ్ళీ దిగి వస్తుందేమోనని అతను చాలాసేపు కిందే నిలబడ్డాడు. ఆమె రాలేదు.