ఎర్రోడి కంచం

వెంకటేశ్వరమ్మకి కోపం వచ్చిందంటే మిరప కల్లంలో కూలీలు తలెత్తకుండా తాలుకాయలు ఏరుకుంటారు. ఊళ్ళో ఆమెని గయ్యాళి అనేవాళ్ళు ఉన్నారు. అననివ్వండి. కాటాలో మోసం చేసినవాణ్ణి నడిబజార్లో నిలదీసింది. కాలవకి అడ్డుకట్ట వేసి నీళ్ళన్నీ తన చేలోకి మళ్ళించుకున్న ఆసామి గట్టుమీద, ఆ కట్ట తీసేదాకా కదలకుండా కూర్చుంది. అన్యాయం కళ్ళబడితే ఆమె నోరు ఊరుకోదు. అంతటి మనిషికీ ఈ ఏడాది ఒళ్ళు మండిపోయింది తన కోసం కాదు, ఎర్రోడి కోసం.

ఎర్రోడు ఆమె పెంచిన కుక్క. వాడు చిన్నప్పట్నుంచీ ఆ కల్లంలోనే తిరిగాడు. ఆరబోసిన కాయల మీదికి మేకని రానివ్వలేదు, పందిని రానివ్వలేదు. ఇప్పుడు మూతి నెరిసింది, వెనక కాళ్ళు కాస్త పట్టేశాయి. అయినా పొద్దున్నే కల్లం చుట్టూ ఒకసారి తిరిగొస్తేగాని వాడికి తోచదు.

ఆ కల్లం ఉమ్మడిది. ఆమె మొగుడు కోటేష్, అతని అన్న బుల్లయ్య ఎప్పుడో వేరుపడ్డారు. పొలం పంచుకున్నారు, ఇంటి మధ్య గోడ కట్టుకున్నారు, ఇత్తడి బిందెలు కూడా పంచుకున్నారు. రోడ్డు పక్కన చదునైన జాగా అదొక్కటే కావడంతో కల్లం మాత్రం కలిసే ఉండిపోయింది. ఈసారి కాయ కోతకొచ్చే వేళకి బుల్లయ్య చీరాల నుంచి టైగర్ అనే పడుచు కుక్కని తెచ్చి అక్కడ వదిలాడు. కాపలాకి ఇద్దరుంటే మంచిదే కదా అనుకుంది వెంకటేశ్వరమ్మ.

ఆయన అక్కడితో ఆగితే బాగుండేది. ఒక వెడల్పాటి బేసిన్ తెచ్చి రెండు కుక్కల అన్నమూ అందులోనే కలిపి పోశాడు.

"ఒకే కంచంలో తింటే పొత్తు కుదురుద్ది," అన్నాడు పెద్దరికంగా.

టైగర్ గబగబా మూతి పెట్టింది. ఎర్రోడు బిగుసుకుపోయాడు, పెదవి పైకెత్తి గుర్రుమన్నాడు. దగ్గరికి రావొద్దని కుక్క చెప్పే మాట అదొక్కటే. దానికి బుల్లయ్య ఇచ్చిన జవాబు వీపు మీద కర్రదెబ్బ. "గుర్రుమంటావేరా?" అంటూ రోజూ కొట్టాడు. కూలీలు పని వదిలేసి చుట్టూ మూగి, ఇవాళ ఏది గెలుస్తుందా అని ఈలలు వేశారు. కొన్నాళ్ళకి ఎర్రోడు గుర్రుమనడం మానేశాడు. చూశావా దారికొచ్చింది అని బుల్లయ్య మురిసిపోయాడు. ఆ మర్నాడే ఎర్రోడు చప్పుడు చెయ్యకుండా వెళ్ళి టైగర్ చెవి కరిచి పట్టుకున్నాడు.

వెంకటేశ్వరమ్మ పరుగెత్తుకెళ్ళి రెండింటి మధ్యా చెయ్యి పెట్టింది. అది ఆమె చేసిన తెలివితక్కువ పని. పోట్లాటలో ఉన్న కుక్కకి ఎవరి చెయ్యో ఏం తెలుస్తుంది? ఎర్రోడి పళ్ళే ఆమె మణికట్టులో దిగాయి. ఆస్పత్రికెళ్ళి సూదులు వేయించుకుంది. రెండోసారి అవి కలబడ్డప్పుడు చెయ్యి పెట్టలేదు. కాయల మీద కప్పే పట్టా లాగి రెండింటి మీదా విసిరేసింది. కళ్ళకేమీ కనబడక రెండూ విడిపోయి చెరో పక్కకీ పోయాయి.

అప్పటికే బుల్లయ్య తీర్పు చెప్పేశాడు.

"అది పెట్టిన చేతినే కరిచింది. ఇంక పనికిరాదు. మధ్యాహ్నం ట్రాలీ ఆటో వస్తది, సింగరాయకొండ దాటించి హైవే మీద వదిలేద్దాం."

"అన్నయ్య చెప్పింది నిజమేనే," అన్నాడు కోటేష్, పెళ్ళాం మొహం చూడకుండా.

వెంకటేశ్వరమ్మ ఎర్రోడి పక్కన చతికిలబడింది. ఇన్నేళ్ళూ ఎండలో కాపలా కాసిన వాణ్ణి, నడుం పట్టేసిన వాణ్ణి, లారీల కింద పడి చావమని వదిలేస్తారట! కొట్టి కొట్టి వాడి గొంతు నొక్కింది వీళ్ళు, ఇప్పుడు శిక్ష వాడికి. ఎర్రోడేమో ఏమీ ఎరగనట్టు ఆమె కట్టు కట్టిన చేతిని నాకుతున్నాడు. ఆమె ఏడవలేదు. ఆ రోజు కల్లంలోకి అన్నం తెచ్చే వంతు తనది. వెళ్ళి తెచ్చింది.

అన్నదమ్ములిద్దరూ పందిరి కింద ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె వాళ్ళ మధ్య ఒకే పళ్ళెం పెట్టింది. అందులో అన్నం కుప్పగా పోసి, గోంగూర ఒక పక్కన వేసి, పైన ఒక్క ఆమ్లెట్టు పెట్టింది.

"రెండో పళ్ళెం ఏదమ్మాయ్?" అన్నాడు బుల్లయ్య.

"లేదు బావగారూ. తినండి. ఒకే కంచంలో తింటే పొత్తు కుదురుద్దని మీరేగా చెప్పింది!" అని కూలీల వైపు తిరిగింది. "రండే, చుట్టూ నిలబడండి. ఈలలెయ్యండి. ఏది గెలుస్తదో చూద్దాం."

ఎవరూ కదల్లేదు. కోటేష్ ఏం చెయ్యాలో తోచక ఆమ్లెట్టు తుంచబోయాడు. బుల్లయ్య చెయ్యి అప్పటికే దాని మీద పడింది.

"ఏరా, పెద్దవాణ్ణి నేనుండగానే?"

"నువ్వెప్పుడూ ఇంతేగా అన్నయ్యా. పంపకాల్లో కూడా ఇట్టాగే చేశావు."

"నోర్ముయ్యి!"

"ఎందుకు మూసుకోవాలి?"

బుల్లయ్య పళ్ళెం అవతలికి నెట్టేసి లేచాడు. "నాకీ పొత్తు కూడు వద్దు. నా కంచం నాకు వేరే పెట్టమ్మాయ్!"

"అదే మాట వాడు ఎన్నాళ్ళ నుంచో చెబుతున్నాడు బావగారూ," అంది వెంకటేశ్వరమ్మ. "ముందు గుర్రుమని చెప్పాడు, మీరు కొట్టారు. అందుకని పళ్ళతో చెప్పాడు. దానికే వాణ్ణి హైవే మీద వదిలితే, మరి మిమ్మల్ని ఎక్కడ వదలమంటారు?"

కూలీల్లో ఎవరో కిసుక్కుమని వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. కోటేష్ తల వంచుకున్నాడు.

ట్రాలీ ఆటో వచ్చి రోడ్డు మీద హారన్ కొట్టింది. బుల్లయ్య అటు చూశాడు, ఎర్రోడి వైపు చూశాడు. చివరికి ఆటోవాణ్ణి పొమ్మని చెయ్యి ఊపాడు. తర్వాత ఆ పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసి పాత మూకుట్లో వేసుకుని, కల్లం ఆ చివరనున్న టైగర్ దగ్గరికి నడిచాడు. వెంకటేశ్వరమ్మ ఈ చివర ఎర్రోడి ముందు ఇంకో మూకుడు పెట్టి, వాడు తినడం అయ్యేదాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు.