ముక్తేశ్వరంలో నేను చూసిన కారు

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. దాన్ని మోస్తూనే తిన్నాను, తిరిగాను, నలుగురిలో పెద్దమనిషిగా చలామణి అయ్యాను. బరువుగా ఉందని ఎవరితోనూ అనలేదు. మీతో అంటున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఈ మాత్రం చనువుకి అది చాలు.

ముందే చెబుతున్నాను, తెలియక చేశాననీ, పరిస్థితులు అలా వచ్చాయనీ అనను. తెలిసే చేశాను. కార్ల విషయంలో నేను తెలియక చేసిన పని అంటూ లేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్ప కోసమే అనుకోండి.

మాది అమలాపురం. నా దగ్గర ఒక పాత డీజిల్ కారు ఉంది. ఏ కంపెనీదో చెప్పను, చెబితే ఊళ్ళోవాళ్ళు నన్ను ఇట్టే పోల్చుకుంటారు. ఆ కారు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అది ఉన్నవాళ్ళమంతా కలిసి ఒకప్పుడు ఇంటర్నెట్‌లో ఒక సైటు నడుపుకున్నాం. పొద్దున్న కాఫీ తాగుతూ అది తెరవకపోతే మాకు తెల్లారేది కాదు. ఒకరి క్లచ్చి ప్లేటు గురించి పదిమంది కొట్టుకునేవాళ్ళం. ఆ పదిమందీ చివరికి నా మాట కోసం చూసేవాళ్ళు. శబ్దం ఎలా ఉందో రాస్తే చాలు, జబ్బు చెప్పేవాణ్ణి. గురువుగారు అనేవాళ్ళు నన్ను. ‘ఏ రెండు ఇంజన్లూ ఒకలా పలకవు’ అని నేనెప్పుడో రాసిన మాటని సైటు మొదటి పేజీలో పెట్టుకున్నారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

మాలో ఒక కట్టుబాటు ఉండేది. దూరాన ఉన్నవాడు ఎక్కడైనా పాత కారు కొనాలనుకుంటే, ఆ ఊరికి దగ్గర్లో ఉన్నవాడు వెళ్ళి చూసి రావాలి. చూసి వచ్చినవాడి మాటే మాట. ఇంకొకణ్ణి కూడా పంపండి అని అడిగితే మొదటివాణ్ణి అవమానించినట్టే. అందుకని ఎవరూ అడిగేవారు కాదు. ఈ కట్టుబాటు పెట్టిందెవరనుకున్నారు? నేనే.

సత్తిబాబు అని ఒక కుర్రాడు, పేరు మార్చాను లెండి, రాజోలు దగ్గరివాడు. కువైట్‌లో డ్రైవరు. వాళ్ళ నాన్నకి మా కారులాంటిదే ఉండేది, టాక్సీ తిప్పేవాడు. అంతర్వేది తీర్థానికి జనాన్ని చేరవేసేవాడు, పెళ్ళివారిని ఎక్కించుకునేవాడు. కొడుకు గల్ఫు వెళ్ళే ఏడాది ఆ కారు అమ్మేశాడు. సత్తిబాబు అక్కడ ఉద్యోగంలో కుదురుకున్నాక దాన్ని వెతకడం మొదలుపెట్టాడు. సైటులో మొదట రాసింది కూడా అదే. మా నాన్న కారు ఎవరికైనా కనబడిందాండీ అని. నంబరు ఇచ్చాడు. ఇంకో గుర్తు కూడా చెప్పాడు. గేరు రాడ్డు మీద కంపెనీ పిడి విరిగిపోతే, వాళ్ళ నాన్న చిన్న కొబ్బరికాయ చిప్పని అరగదీసి, లోపల లక్క పోసి, తనే పిడి చేసి బిగించుకున్నాడట.

కొన్నాళ్ళకి ఎవరో చెప్పారు, ముక్తేశ్వరంలో ఒక కొబ్బరి వ్యాపారి షెడ్డులో అలాంటి కారు మూలపడి ఉందని. సత్తిబాబు నాకు రాశాడు. గురువుగారూ, మీకు దగ్గరే కదండీ, ఒక్కసారి చూసి రండి, నాన్నకి ఒంట్లో బాగోటం లేదండి, ఆ సీట్లో ఓసారి కూర్చోబెట్టాలండి అని.

వెళ్ళాను. కొబ్బరి రాశుల వెనక, పీచు దుమ్ము కప్పుకుని ఉంది. నంబరు చూశాను. అదే. తలుపు తీశాను. గేరు రాడ్డు మీద చెయ్యి వేశాను. నున్నగా, చల్లగా, అరచేతిలో సరిగ్గా ఇమిడింది. బ్యాటరీ తెప్పించి స్టార్ట్ చేస్తే, కాస్త దగ్గి అందుకుంది. అంత ఆరోగ్యమైన ఇంజన్ని నేను చాలా కాలంగా వినలేదు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. అప్పటికి నా కారు కదలడం మానేసింది. ఇంజను బ్లాకు పగిలింది. దానికి మందు లేదు, వేరే ఇంజను తప్ప. అది ఎక్కడా దొరకడం లేదు. ఈ సంగతి సైటులో ఎవరికీ చెప్పలేదు. ఊరందరి కార్లకీ వైద్యం రాస్తూ, సొంత కారు మీద టార్పాలిన్ కప్పి ఉంచాను. గురువుగారి కారే చచ్చిపోయిందంటే నలుగురూ ఏమనుకుంటారు? ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. జాలిపడేవాళ్ళు, నాలుగు ఊళ్ళు వెతికి ఇంజను తెచ్చిపెట్టేవాళ్ళు. అలాంటి మనుషులే వాళ్ళు. కానీ నాకు కావలసింది జాలి కాదు.

ముక్తేశ్వరం నుంచి అమలాపురం వచ్చేలోపు నిర్ణయించేసుకున్నాను. చెయ్యి వణికిందని రాస్తే బాగుంటుంది గానీ, వణకలేదు. సైటులో ఇలా రాశాను: ‘చూసి వచ్చాను. నంబరు కలవలేదు. పిడి మామూలు ప్లాస్టిక్కుది. ఇది మీ నాన్నగారి కారు కాదు.’ కింద సత్తిబాబు రాశాడు, ఆయ్, శ్రమ పడ్డారు గురువుగారూ, మీ మేలు మర్చిపోను అని. నా మేలు.

తరవాత పాత ఇనుము వ్యాపారి ఒకతన్ని ముందుపెట్టి ఆ కారు కొన్నాను. ఇంజను తీసి నా కారులో వేయించాను. మిగతా బండి ముక్కలై పాత ఇనుములో కలిసిపోయింది. పిడి మాత్రం ఊడదీసి పనిముట్ల పెట్టెలో అడుగున పెట్టాను. పారేయలేకపోయాను. ఎందుకు? పాపభీతి అనుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. నిజానికి అంత చక్కగా చేసిన వస్తువుని పారేయడానికి నాకు మనసు రాలేదు, అంతే. మనిషికి అన్యాయం చేయగలిగినవాణ్ణి వస్తువుకి చేయలేకపోయాను. నేను అలాంటివాణ్ణని అప్పుడే తెలిసింది.

సత్తిబాబు నాన్న మరుసటి ఏడాది పోయాడు. ఆ వార్త కూడా సైటులోనే చదివాను. కింద అందరితోపాటు నేనూ సంతాపం రాశాను. అందరికన్నా పొడుగ్గా రాశాను.

ఆ తరవాత జనం ఒక్కొక్కరే ఫోను గ్రూపుల్లోకి వెళ్ళిపోయారు. కొందరు కార్లు అమ్మేశారు. సైటు పాడుబడ్డ ఇల్లులా అయింది, అడిగిన ప్రశ్నలు జవాబు లేకుండా పడి ఉండేవి. ఈ మధ్య దాన్ని నడిపే ఆయన, ఇక మూసేస్తాను, ఎవరికి ఏం కావాలో దాచుకోండి అని రాశాడు. దాంతో పాతవాళ్ళంతా మళ్ళీ పోగయ్యారు. మూసేస్తామంటే గానీ మనకి దేని విలువా తెలియదు కదా. అమలాపురంలో కలుద్దామన్నారు. కాలవగట్టు మీద మా కార్లు వరసగా నిలబడితే, దారిన పోయే ఆటోలవాళ్ళు ఆగి మరీ చూశారు. సత్తిబాబు కువైట్ నుంచి పూర్తిగా వచ్చేశాడట. కణతల దగ్గర నెరిసింది. నా కాళ్ళకి దండం పెట్టబోతే ఆపాను. ఆపడానికి కారణం వినయం కాదని మీకు తెలుసు.

నా కారులో ఓ చుట్టు తిరుగుతానన్నాడు. పక్కన కూర్చున్నాడు. కాలవ వెంట కొత్తపేట వైపు కొంత దూరం వెళ్ళాం. అతను తల కాస్త పక్కకి వంచి వింటున్నాడు. అలా వినడం అతనికి నేర్పింది కూడా నా రాతలే.

"గురువుగారూ, ఈ ఇంజను అచ్చం మా నాన్నగారి బండిలాగే పలుకుతుందండి," అన్నాడు.

"పాత డీజిల్ ఇంజన్లన్నీ ఒకలాగే పలుకుతాయిలే అబ్బాయ్," అన్నాను.

అతను నావైపు తిరిగాడు. "అదేంటండీ, ఏ రెండు ఇంజన్లూ ఒకలా పలకవని మీరే రాసేరు కదండీ."

జీవితంలో మొదటిసారి కారు గురించి అడిగినదానికి జవాబు చెప్పలేకపోయాను. అతను కాసేపు చూసి, "ఆయ్," అని కిటికీలోంచి కాలవ కేసి తిరిగిపోయాడు. తెలిసే అన్నాడా, మామూలుగా అన్నాడా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేనే అనుకుంటున్నానా? చాలా ఆలోచించాను. తరవాత తెలిసింది, నేను ఆలోచిస్తున్నది దొరికానా లేదా అని మాత్రమే. ఇన్నేళ్ళూ అదొక్కటే ఆలోచించాను. ఒక మనిషి తన బండి సీట్లో కూర్చోకుండానే పోయాడన్నది ఆ ఆలోచనలో ఎక్కడా లేదు.

మొన్న సైటు తెరిచి పాత సంభాషణ వెతికాను. నా తీర్పు అలాగే ఉంది, దాని కింద అతని కృతజ్ఞత అలాగే ఉంది. మూసేదాకా ఊరుకుంటే రెండూ కలిసే పోతాయి. ఇన్నాళ్ళూ నేను కాసుకున్నది ఈ రోజు కోసమే కావచ్చు. కానీ నా పేరు మీద ఉన్న ఒక తప్పు తీర్పు అలా ఉండిపోవడం నాకు నచ్చలేదు. పశ్చాత్తాపం అంటారో, పొగరు అంటారో మీ ఇష్టం. పనిముట్ల పెట్టె అడుగు నుంచి పిడి తీసి, తుడిచి, ఫోటో తీసి అక్కడ పెట్టాను. కింద రాశాను: ‘ఆ కారు మీ నాన్నగారిదే. నేను అబద్ధం చెప్పాను. దాని ఇంజను నా కారులో ఉంది. బండిని ముక్కలు చేయించింది నేనే.’ క్షమించమని రాసి, చెరిపేశాను. అడిగే అర్హత నాకుందా? మేలు మర్చిపోనన్నవాణ్ణి ఏ ముఖంతో అడగను?

పాతవాళ్ళు చదివినట్టే ఉన్నారు. ఒక్కరూ మాట్లాడలేదు. గురువుగారు అని ఇక ఎవరూ అనరు. నిన్న సత్తిబాబు రాశాడు. తిట్టలేదు, పోలీసులనలేదు, పరవాలేదండి అని కూడా అనలేదు. ఒక్కటే అడిగాడు.

‘ఆ పిడి ఉందా, పారేసేరా?’

‘ఉంది,’ అని రాశాను. ఆ తరవాత అతని నుంచి ఏమీ రాలేదు. పిడి వీధిగదిలో బల్ల మీద పెట్టాను, ఎప్పుడొచ్చినా తీసుకోవచ్చని. ఇంజను సంగతి అతను ఏం చెబితే అదే. అసలు వస్తాడో రాడో తెలియదు. ఆ సంభాషణలో నేను రాసిన ప్రతి మాటా ముందు లెక్కచూసుకుని రాసిందే. ‘ఉంది’ అన్న ఆ ఒక్క మాట రాయడానికి మాత్రం నాకు ఏమీ ఆలోచించాల్సిన పని లేకపోయింది.