కానుక పుంజులు

కోయిలకుంట్ల దగ్గరి ఆ ఊరికి మేము వచ్చిన మూడో ఏడు మా పెరట్లో పెట్టలు నాలుగు, పుంజులు ఏడు అయినాయి. కోళ్లు సాకినవాళ్లకు ఈ మాట చెబితే చాలు, మిగతాది వాళ్లే ఊహించుకుంటారు. సాకనివాళ్ల కోసం చెబుతున్నాను. నాలుగు పెట్టలకు ఒక్క పుంజు చాలు. ఏడు ఉంటే ఇక ఆ పెరట్లో తెల్లవారుజాము నుంచి పొద్దు గూకేదాకా తగాదాలే.

మా ఆయన ఆ ఊరి గుడిలో పాస్టరు. తాతల కాలంనాటి రాతి గుడి. దాని పక్కనే నాపబండలు పరిచిన మూడు గదుల ఇల్లు మాకిచ్చారు. వెనక పెరడు, చుట్టూ నిలువుగా పాతిన నాపరాళ్ల గోడ. గుడ్లకు పనికొస్తాయని సంతలో నాలుగు పెట్టలు, వాటికి తోడుగా ఒక పుంజు కొందామనుకున్నాను. పుంజును కొనే అవసరమే రాలేదు. అవి వాటంతటవే వచ్చాయి.

ఆ ఊళ్లో మొక్కు తీరితే గుడికి కోడిని ఇస్తారు. గుడ్లు పెట్టే పెట్టను ఎవరూ వదులుకోరు కాబట్టి పుంజునే ఇస్తారు. అందులో పిసినారితనం లేదు, మొక్కుకునేటప్పుడే పుంజు అని మొక్కుకుంటారు. ఆదివారం ఆరాధనలో కాళ్లు కట్టిన పుంజును తెచ్చి వేదిక ముందు పెడితే, మా ఆయన దాని మీద చెయ్యి ఉంచి, ఇచ్చినవాళ్ల కోసం ప్రార్థన చేస్తారు. ఒకసారి ప్రసంగం మంచి పట్టు మీద ఉండగా పుంజు కూసింది. ఆయన ఆగి, అది పూర్తిగా కూసేదాకా ఓపిగ్గా చూసి, "ఆమెన్" అని మళ్లీ మొదలుపెట్టారు. ఆ రోజు జనం నవ్విన నవ్వు నాకిప్పటికీ గుర్తే.

కోతపండగకు వచ్చిన గుమ్మడికాయలూ శనగల మూటలూ కోళ్లూ గుడి ముందు వేలం వేస్తారు. మొక్కుబడి కోడి సంగతి వేరు. అది అయ్యగారి ఇంటికే పోవాలి. అయ్యగారి ఇంట్లోనేమో దాన్ని కోసే ధైర్యం ఎవరికీ లేదు.

తప్పు నాదే. మా నాన్న కర్నూలులో ఆసుపత్రి కాంపౌండరు. మా ఇంటికి కోడి ఎప్పుడూ చర్మం తీసి, ముక్కలు కొట్టి, నల్ల కవరులోనే వచ్చేది. నడక చూసి గుర్తుపట్టగలిగిన కోడిని నేను అంతకుముందు ఎన్నడూ తినలేదు. పైగా ఒక్కో పుంజు వెనక ఒక్కో కథ. ఒకటి బోరులో నీళ్లు పడినందుకు, ఒకటి కూతురికి టీచరు ఉద్యోగం వచ్చినందుకు, ఒకటి పచ్చకామెర్లు తగ్గినందుకు. వాటిని పొయ్యి మీద పెడితే ఆ ప్రార్థనల్నే ఉడకబెట్టినట్టు నాకనిపించేది. మా ఆయన నా మాట కాదనేవారు కాదు. "నీ ఇష్టం, నువ్వే కదా సాకేది" అనేవారు. అట్లా ఒకటికి ఒకటి చేరాయి.

వాటిలో ఒక ఎర్రపుంజు అంటే నాకు మరీ ప్రాణం. దాన్నిచ్చింది ఊరి చివర ఉండే ఒక ముసలామె. కూలికి పోతుంది, ఒంటరిది. నంద్యాలలో కూతురికి కాన్పు కష్టమై, రక్తం పోయి, మూడు రోజులు కళ్లు తెరవలేదట. తల్లీ బిడ్డా ఇల్లు చేరితే పుంజునిస్తానని మొక్కుకుంది. అప్పుడు ఆమె దగ్గరున్నవి మూడు కోడిపిల్లలు. రెండింటిని గద్ద తన్నుకుపోయింది. మిగిలిన దాన్ని పెద్ద చేసి, ఒక ఆదివారం కొంగులో చుట్టుకుని తెచ్చింది. మెడ మీద ఈకలు ఎండలో రాగి చెంబులాగా మెరిసేవి.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆరాధన అయిపోగానే ఆమె మా పెరటి వైపు వచ్చేది. లోపలికి రాదు, నాపరాళ్ల గోడ అవతల నిలబడి చూసేది.

"ఇంగా ఉండాదా అమ్మగారూ?" అని అడిగేది.

"ఉంది, చూడు ఎంత పుష్టిగా అయిందో" అనేదాన్ని నేను సంతోషంగా.

ఆమె కాసేపు చూసి, తలాడించి, వెళ్లిపోయేది. పెంచిన మమకారం కదా, బతికుందని చూసి తృప్తి పడి పోతోందని అనుకున్నాను. ఆమె కోసమే ఆ పుంజుకు జొన్నలు ఒక గుప్పెడు ఎక్కువ వేసేదాన్ని. ఆమె వస్తుందని శనివారం నాడే దాన్ని పట్టి కాళ్ల మట్టి కడిగిన రోజులు కూడా ఉన్నాయి.

పక్క ఊళ్ల సంఘపెద్దలు మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు ఒక పుంజును కోయక తప్పలేదు. గుడి గంట కొట్టే ఆయనే కోసి ఇచ్చాడు. ఏది కోయాలని అడిగితే, తెల్లదాన్ని చూపించాను. అది ఊళ్లో బాగా ఉన్నవాళ్లు ఇచ్చింది, మా కాళ్ల మీద పొడిచేది. ఎర్రదాని జోలికి మాత్రం పోవద్దని రెండుసార్లు చెప్పాను. ఆ పూట వచ్చినవాళ్లు కూర మెచ్చుకున్నారు. నేను వంటింట్లో చారుతో తిన్నాను.

తర్వాత ఇంకా రెండు వచ్చి మొత్తం ఏడయ్యేసరికి, నేను దయ అనుకున్నది పెట్టల పాలిట నరకమైంది. నాలుగింటికీ వీపు మీద ఈకలు ఊడి ఎర్రటి చర్మం బయటపడింది. వేపనూనె, పసుపు కలిపి రాసేదాన్ని. మర్నాటికి మళ్లీ రక్తం. పుంజులు ఒకదాన్నొకటి పొడుచుకుని తురాయిలు చీరుకున్నాయి. వాటిని గంపల కింద మూశాను. వంతుల ప్రకారం వదిలాను. కాళ్లకు తాళ్లు కట్టి గోడ పొడవునా దూరం దూరంగా ఉంచాను. అప్పుడవి ఎక్కడివక్కడే నిలబడి పోటీగా కూసేవి. ఎదురింటి ఆయన ఏమీ అనలేదు గానీ, మంచం ఇంటి ముందు నుంచి వెనక్కి మార్చుకున్నాడు.

ఒకరోజు పందేలాడించే మనిషి ఎవరో కబురు విని వచ్చాడు. ఎర్రపుంజును చంకలో పెట్టుకుని, తొడలు నొక్కి చూసి, ఇచ్చేయమన్నాడు. మా ఆయన మర్యాదగానే కుదరదన్నారు. కర్నూలులో మా చెల్లెలికి ఫోన్ చేసి రెండు తీసుకెళ్లమంటే, అపార్టుమెంటు మూడో అంతస్తులో పుంజును ఎక్కడ పెట్టుకోమంటావని నవ్వింది. సంతలో అమ్మేద్దామంటే, కొనేవాళ్లలో ఇచ్చినవాళ్లే ఎదురుపడతారేమోనని భయం.

ఆ వారంలోనే ఒక పొద్దున చిన్న పెట్ట గూటిలోంచి బయటికి రాలేదు. తొంగి చూస్తే లోపల మూలకు ఒదిగి చచ్చిపోయి ఉంది. వీపు మీద ఒక్క ఈక లేదు. దాన్ని చేతుల్లోకి తీసుకున్నప్పుడు, ఇదంతా నేను మంచిదాన్ని అనిపించుకోవడం కోసం చేస్తున్నానేమోనన్న అనుమానం మొదటిసారి వచ్చింది. గోడ పక్కన గుంట తీసి పూడ్చి, చేతులు కడుక్కుని లోపలికెళ్లి మా ఆయనతో చెప్పాను, పుంజులు ఇచ్చిన ఇళ్లకు పోయి వాళ్లనే అడుగుతానని. ఇచ్చినవాళ్లను అడగడమేంటి, బాధపడతారేమో అన్నారాయన. పడితే పడనీ, నేరుగా చెబుతానన్నాను. ఆయన చొక్కా వేసుకుని నా వెంట వచ్చారు.

బోరు వేసిన రైతు మా మాట విని చాలాసేపు నవ్వాడు. కోసుకుని తినమని, అయిపోతే ఇంకొకటి తెస్తానని అన్నాడు. ఇంకొకటి మాత్రం వద్దని బతిమాలి, దీన్ని కోసేరోజు నువ్వూ భోజనానికి రావాలని చెప్పి వచ్చాం. పచ్చకామెర్లు తగ్గినాయన కూడా అదే మాట అన్నాడు. టీచరమ్మ తల్లి వాళ్ల ఇంటి పుంజు కొక్కెర రోగానికి పోయిందట, ఇచ్చినదాన్ని తిరిగి అడగడానికి మొహమాటపడుతూ ఉందట. సంతోషంగా తమదాన్ని తామే తీసుకెళ్లింది. రెండు పుంజులిచ్చిన అన్నదమ్ములు, పుంజు లేని ఇళ్లకు ఇచ్చేయమన్నారు. కుంటి పుంజునిచ్చిన కుటుంబం మాత్రం హైదరాబాదుకు వలసపోయింది. అడగడానికి ఎవరూ లేక అదొక్కటే మా పెరట్లో ఉండిపోయింది. అది నెమ్మదైనది. వానలు మొదలయ్యేసరికి మిగిలిన మూడు పెట్టల వీపుల మీద మళ్లీ ఈకలు వచ్చాయి.

ముసలామె ఇంటికి మాత్రం అందరికన్నా ఆఖరున వెళ్లాను, అదీ ఒక్కదాన్నే. ఆ పుంజును తీసేస్తామంటే ఆమె మనసు ఎంత కష్టపడుతుందోనని దారంతా మాటలు కూర్చుకున్నాను. ఇంటి ముందు నీడలో కూర్చుని చేటలో శనగలు చెరుగుతోంది. నన్ను చూసి గబుక్కున లేచి, లోపలి నుంచి చాప తెచ్చి వేసింది. నేను చుట్టూ తిప్పి తిప్పి చెప్పాను. పుంజులు ఎక్కువైనాయని, పెట్ట చచ్చిపోయిందని, నీ పుంజును నీకిష్టమైతే నువ్వే తీసుకెళ్లి సాకుకోవచ్చని.

ఆమె చేట పక్కన పెట్టింది. 

"వాపసు ఇస్తాండారా అమ్మగారూ?" అంది.

వాపసు కాదు, నువ్వు ప్రేమగా పెంచుకున్నది కదా అని, అన్నాను.

"పెంచింది మీరు తినాలనే కదమ్మా" అంది మెల్లగా. "దేవునికిచ్చింది అయ్యగారి నోట్లో పడితేనే నా మొక్కు తీరినట్లు. శనగ ఇత్తనాలు ఏసినప్పుడు ఇస్తి. కోతలు కూడా అయిపాయె. వారం వారం వచ్చి చూస్తాండా. ఇంగా తిరుగుతానే ఉండాది."

 ఆమె నా వైపు చూడకుండా, చేటలోని శనగలను వేళ్లతో సర్దుతూ మిగతాది కూడా చెప్పేసింది.

"పెద్దింటోళ్ల తెల్లపుంజును కోస్తిరని గంట కొట్టే ఆయప్ప చెప్పె. ఎర్రదాన్ని ముట్టుకోవద్దంటిరంట. మాయట్లాంటోళ్ల ఇంటి కూడు మీకు పట్టదేమోలే అనుకుంటి. అనుకొని, అట్లనుకోకూడదని మళ్లా ప్రార్థన చేసుకుంటి."

నేను అక్కడే ఏడ్చాను. ఆదివారాలన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. గోడ అవతల ఆ మనిషి నిలబడటం, నేను మురిసిపోతూ పుంజును చూపించడం. ఆమె అడిగిన ఆ ఒక్క ప్రశ్నకు, చూడు ఎంత పుష్టిగా ఉందో అని ప్రతిసారీ నేను చెప్పిన జవాబు ఆమె చెవులకు ఎట్లా వినపడి ఉంటుందో. ఉన్నదున్నట్టు చెప్పాను. మాది పట్నమని, చేతులారా సాకినదాన్ని తినలేని పిరికితనమని, అన్నింటిలోకీ దాన్నే ఎక్కువ ఇష్టంగా చూసుకున్నానని, ఆమె ముఖం చూసే దాన్ని కోయనివ్వలేదని.

ఆమె ముందు నమ్మలేదు. తర్వాత నమ్మి, కొంగుతో నా ముఖం తుడిచింది.

"ఇంత సదువుకుంటివి, ఒక్క మాట అడగకూడదా తల్లీ" అంది. అంతదాకా అమ్మగారూ అన్న మనిషి ఆ రోజు నన్ను తల్లీ అంది.

మరుసటి రోజు ఆమె పనికి పోకుండా పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. ఈసారి గోడ దగ్గర ఆగకుండా పెరట్లోకి వచ్చింది. గంట కొట్టే ఆయనను పిలుద్దామంటే వద్దంది. కత్తి తనే తెచ్చుకుంది. ఎర్రపుంజు దగ్గరికి పోయి, నోటితో ఏదో సద్దు చేస్తే అది దానంతటదే వచ్చి చేతిలో ఒదిగింది. మెడ మీద ఈకలు ఒకసారి నిమిరి, "శానా దినాలు నిలబెట్టిరి నిన్ను" అంది దానితో. కాళ్లు పట్టుకోమని నాకు చెప్పింది. పట్టుకున్నాను. కళ్లు మూసుకోలేదు. ఎంతోసేపు పడుతుందనుకున్నాను గానీ క్షణంలో అయిపోయింది. ఆ తర్వాత కాసేపు నా అరచేతుల్లో దాని వెచ్చదనం అట్లాగే ఉంది.

కందికట్టె మంట మీద తిప్పుతూ కాల్చడం, పసుపు రుద్ది కడగడం, కొబ్బరీ ధనియాలూ గసాలూ రోట్లో నూరడం అన్నీ దగ్గరుండి నేర్పింది. సంగటి నేను కెలికితే ఉండలు కట్టిందని నా చేతిలోంచి కట్టె లాక్కుని తనే కెలికింది. వంట అయ్యేసరికి మా ఆయన గుడి నుంచి వచ్చారు. మూడు పళ్లేలు పెట్టాను. ఆమె తన పళ్లెం తీసుకుని పెరటి గడప వైపు నడిచింది. మా ఆయన తన పళ్లెం కూడా తీసుకుని వెళ్లి ఆ గడప దగ్గరే కూర్చున్నారు. అప్పుడామె సిగ్గుపడి, ఆయనను లేపి, లోపలికి తెచ్చి, మా ఇద్దరి మధ్య చాప మీద కూర్చుంది.

ప్రార్థన అయ్యాక ఆమె వెంటనే తినలేదు. మా ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆయన చేతినే చూస్తూ కూర్చుంది. ఆయన తిన్నారు. కారం దండిగా ఉంది, బాగుంది అన్నారు. రెండోసారి వడ్డించుకున్నారు. అప్పుడామె నా వైపు తిరిగి, నువ్వు కూడా, అన్నట్టు గడ్డం ఎత్తింది. తిన్నాను. నాకు దాని నడక గుర్తొచ్చింది, గోడ ఎక్కి కూసే తీరు గుర్తొచ్చింది. అయినా తిన్నాను. రుచిగా ఉందని చెప్పడానికి నాకు మొహమాటం కలగలేదు, ఎందుకంటే నిజంగానే రుచిగా ఉంది.

తింటూ తింటూ కూతురి సంగతి చెప్పింది. ఆసుపత్రి వరండాలో మూడు రోజులు నీళ్లు తాగి గడిపిందట. నాలుగో పొద్దున నర్సమ్మ వచ్చి లోపలికి పిలిచినప్పుడు, ఏం వినాల్సి వస్తుందోనని ముందు చెవులు మూసుకుందట. ఆ మాట చెబుతూ నవ్వింది. ఆమె నవ్వితే కింది వరుసలో రెండు పళ్లు లేవని అప్పుడే గమనించాను.

భోజనం అయ్యాక తన పళ్లెం తనే కడుగుతానంది, నేను వద్దన్నాను. కొళాయి దగ్గర ఇద్దరం కాసేపు గుంజుకుని, చివరికి అన్నీ కలిసే కడిగాం. ఎండ తగ్గేదాకా ఉండి పొమ్మంటే, చాప మీద కొంచెం సేపు నడుం వాలుస్తానంది. వాల్చిన మరు నిమిషానికే గుర్రు పెట్టింది. మా ఆయన ఫ్యాను ఆమె వైపు తిప్పి, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా గుడి వైపు వెళ్లారు.