వరండాలో చాప

ఆదివారం కాని రోజున మా చర్చి గంట మోగిందంటే పేటలో ఎవరో పోయారని అర్థం. పోయిన మంగళవారం పొద్దున్న బడికి బయల్దేరి చెప్పులు వేసుకుంటుండగా గంట మొదలైంది. ఎవరై ఉంటారా అని వీధిలోకి చూస్తే పక్కింటి గుమ్మంలో జనం. మా పక్కింటి మామ్మగారు. కాఫీ కలుపుకుని, గ్లాసు పక్కన పెట్టి, కుర్చీలో వాలి అలాగే వెళ్ళిపోయారట. డెబ్బై నాలుగేళ్ళ మనిషి.

నేను లోపలికి వెళ్ళేసరికి ఆవిడ మనవరాలు మంచం కింద దూరి, రెండు చెవులూ మూసుకుని, గట్టిగా కూనిరాగం తీస్తోంది. ఎనిమిదేళ్ళ పిల్ల. గంట చప్పుడు ఆ పిల్లకి పడదు. ప్రతి ఆదివారం గంట కొట్టే వేళకి మామ్మగారు పాపని గోదావరి గట్టు మీదికి తీసుకెళ్ళి, అది ఆగాక వెనక్కి తెచ్చేవారు. ఆ రోజు గంట ఆవిడ కోసమే కొట్టారు. పాపని గట్టు మీదికి తీసుకెళ్ళాలని అక్కడున్న మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆదరణ కూడికలో చదవడానికి ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమని మా సంఘం వాళ్ళు అడిగారు. రాద్దామని కూర్చుంటే ముందు నా తప్పే వస్తోంది. దాన్ని పక్కకి నెట్టి ఆవిడ గురించి రాయడం నావల్ల కావడం లేదు. వినేవాళ్ళు ఓపిక పట్టాలి.

మామ్మగారు నరసాపురం వైపు నుంచి కొవ్వూరుకి కోడలిగా వచ్చారు. వచ్చేటప్పుడు లేసు అల్లిక తెచ్చుకున్నారు. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారినా చెయ్యి ఆగేది కాదు. కబుర్లు చెబుతూనే పువ్వు మీద పువ్వు అల్లేసేవారు. ఎప్పుడైనా తప్పు పడితే విసుక్కోకుండా ఆ మేరకి విప్పేసి, "దారానికేం తెలుసమ్మా, చెయ్యి నాది కదా," అనేవారు. కొడుకు చేపల లారీ డ్రైవరు, బెంగాలు వెళ్ళాడంటే పది రోజులకి గానీ రాడు. కోడలు రాజమండ్రిలో ఆసుపత్రి నర్సు, ఆదివారాలు కూడా డ్యూటీ. పాప పెంపకం మామ్మగారి మీదే పడింది.

మూడేళ్ళొచ్చినా పాపకి మాటలు రాలేదు. పిలిస్తే తిరిగి చూసేది కాదు. రాజమండ్రిలో డాక్టరు గారు చూసి ఆటిజం అన్నారు. మామ్మగారు ఆ మాటని కాగితం మీద కోడలి చేత రాయించుకుని, నోరు తిరిగే దాకా చదువుకుని, మా ఇంటికొచ్చి చెప్పారు.

"ఆటిజం అంటారంటండి టీచరమ్మా. జొరం లాంటిది కాదంట. పిల్ల తీరే అంతంట. మనమే దానికి తగ్గట్టు నడుచుకోవాలంట."

తరవాత మాటలు వచ్చాయి గానీ అవి పాప సొంత మాటలు కావు. ఎక్కడో విన్న మాటని, అన్నవాళ్ళ గొంతుతో సహా, నెలల తరవాత తిరిగి అనేది. అన్నం పెట్టమనడానికి, "నిడదవోలు, నిడదవోలు, ముందుకి జరగండి," అని కండక్టరు గొంతుతో అరిచేది. బస్సు దిగగానే అన్నం పెట్టేవారు కాబట్టి ఆ పిల్ల లెక్కలో ఆ మాటకి అర్థం అన్నమే. మామ్మగారు నవ్వుతూ కంచం తీసేవారు. ఏ మాటకి ఏ అర్థమో ఆవిడకి తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

బస్సెక్కితే సీట్లో కూర్చోకముందే మామ్మగారు అందరికీ వినబడేలా చెప్పేసేవారు. "నా మనవరాలండి. చప్పుళ్ళు పడవండి. అరిస్తే నాలుగు నిమిషాలు ఓర్చుకోండి, దానంతటదే ఊరుకుంటుంది." అయినా అనేవాళ్ళు అననే అన్నారు. పిల్లని గారాబం చేసి పాడు చేశారని ఒకరు, ఇలాంటి పిల్లని బయటికి ఎందుకు తేవాలని ఒకరు. ఒక టిఫిను హోటల్లో అయితే, "మామ్మగారూ, పార్సిలు కట్టిస్తాను, బయట నిలబడండి," అన్నాడట యజమాని. ఆవిడ పార్సిలు తీసుకుని వచ్చేశారు. ఆ తరవాతి వారం జనం ఉండని వేళ చూసుకుని, పాప చెయ్యి పట్టుకుని మళ్ళీ అదే హోటలుకి వెళ్ళి మూల బల్ల అడిగారు. ఆ పై వారమూ వెళ్ళారు. మూడు నెలలయ్యేసరికి, పాప కనబడగానే ఇడ్లీ ఒక ప్లేటులో, చట్నీ వేరే గిన్నెలో వాళ్ళే తెచ్చి పెట్టేవారు. చట్నీ తగిలిన ఇడ్లీ పాప తినదు.

"వాళ్ళకి తెలీక అంటారమ్మా. చెప్పాలి. మనం చెప్పకుండా వాళ్ళకెలా తెలుస్తుందండీ?" అనేవారు నాతో.

నాకు తెలుసు. అదే నా బాధ. నేను గవర్నమెంటు బడి టీచరుని. ప్రత్యేక అవసరాలున్న పిల్లల గురించి మాకు రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. ఇలాంటి పిల్లలకి పెద్ద చప్పుడు దెబ్బ తగిలినంత పని చేస్తుందని నా చేత్తోనే నోట్సు రాసుకున్నాను. ఆ శిక్షణలో భోజనాలు బాగున్నాయని ఇంటికొచ్చి చెప్పాను కూడా.

మా చర్చిలో స్త్రీల సమాజం కార్యదర్శిని నేనే. ఆదివారం ఆరాధన గడబిడ లేకుండా నడవాలని నాకు మహా పట్టుదల. చాపలు వంకరగా పడినా ఊరుకోను. స్తంభం పక్కన మూడో వరస మామ్మగారి చోటు. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ అక్కడే. ఆవిడ అందుకుంటే గానీ మా కీర్తన నిలబడేది కాదు.

పాపకి నాలుగేళ్ళప్పుడు మా చర్చికి కొత్తగా పెద్ద స్పీకరు బాక్సులు వచ్చాయి. ఆ ఆదివారం వేరే ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకులు ప్రార్థన అందుకుని గొంతు పెంచుకుంటూ పోయారు. కిటికీ రెక్కలు అదురుతున్నాయి. పాప చెవులు మూసుకుంది, తల స్తంభానికేసి కొట్టుకుంది. ఆఖరికి లేచి, చాపల మధ్య నుంచి పరుగెత్తి, గోడకి కిందుగా ఉన్న స్పీకరు స్విచ్చు కట్టేసింది. ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆయన నోరు కదులుతూనే ఉంది. పిల్లలు పకపకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, దిగమింగి కోపం తెచ్చుకున్నాను.

ఆరాధన అయ్యాక నేనే మామ్మగారి దగ్గరికి వెళ్ళాను. ఎవరూ నన్ను పంపలేదు.

"మామ్మగారూ, వచ్చే వారం నుంచి పాపతో వరండాలో కూర్చోండి. మీకూ కాస్త గాలి ఆడుతుంది."

గాలి ఆడుతుందన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకు అసహ్యం వేస్తుంది.

"అలాగే టీచరమ్మా," అన్నారావిడ. తన చాప తనే చుట్టుకున్నారు. స్పీకరు సౌండు తగ్గిద్దామని మాలో ఒక్కరూ అనలేదు.

నాలుగేళ్ళు ఆ వరండాలోనే కూర్చున్నారు. చాపకి కుడి పక్క, కిటికీ కింద ఆవిడ. ఎడమ పక్క పాప, గోదావరి వంతెన మీద రైళ్ళు చూసుకుంటూ. కీర్తనలో ఆవిడ గొంతు కిటికీలోంచి వచ్చేది. ప్రభు భోజనం నాడు పాపని వదిలి లోపలికి రాలేరు కదా, పాస్టరు గారే మంచాన పడ్డవాళ్ళకి ఇచ్చినట్టు రొట్టె, ద్రాక్షరసం వరండాలోకి తీసుకెళ్ళి ఇచ్చేవారు. ఆ అయిదు నిమిషాలు పాపని చూడమని ఆవిడ ఎవరినీ అడగలేదు. చూస్తామని మేమూ అనలేదు.

లేసు దారం ఉండ ఒకటి పాప చేతిలో పెట్టి, కొస తన వేలికి చుట్టుకునేవారు. ఆదివారం పూట అల్లిక పనేంటని ఎవరో నాకు ఫిర్యాదు చేశారు. నేను పెద్ద పెత్తనంగా వెళ్ళి అడిగాను.

"పని కాదండి. ఈ దారం కదులుతుంటే నేనిక్కడే ఉన్నానని దానికి తెలుస్తుంది. రైళ్ళు చూసేటప్పుడు నాకేసి చూడదు కదా," అన్నారు.

ఒకే ఒక్కసారి ఆవిడ నన్ను అడిగారు. రెండేళ్ళ కిందట, క్రిస్మస్ ముందు. పాప పక్కనే నిలబడి దారం లాగుతోంది.

"టీచరమ్మా, పాప ఇప్పుడు బాగానే కూర్చుంటుందండి. లోపలికి రమ్మంటారా? వెనకాల గుమ్మం దగ్గరైనా పరవాలేదు. సౌండొక్కటి తగ్గిస్తే చాలు."

నేను రంగు కాగితాలు కత్తిరిస్తున్నాను. తల ఎత్తకుండా, "పండగయ్యాక చూద్దాం మామ్మగారూ," అన్నాను.

పండగ అయింది. ఇంకో పండగ కూడా అయింది. నేను చూడలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. మొన్న వేసవిలో మాత్రం గోడ మీదుగా కరివేపాకు అందిస్తూ, వేరే ఏదో మాటల్లో అన్నారు. "బస్సులో వాళ్ళు అంటే పోనీలే అనుకునేదాన్నమ్మా. వాళ్ళెవరో, మనమెవరమో. మన గుళ్ళో కూడా చెప్పుకోవాల్సొస్తుందని అనుకోలేదు." కోపంగా అనలేదు. ఆ వెంటనే కరివేపాకు చెట్టుకి పురుగు పట్టిందని చెప్పారు. క్షమించమని అడగడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. కరివేపాకు తీసుకుని లోపలికి వచ్చేశాను.

బుధవారం సమాధి ఆరాధన. పెట్టె లోపలికి తెచ్చే ముందు గంట కొట్టే అతని దగ్గరికి వెళ్ళి, ఈవేళ కొట్టొద్దన్నాను. పెద్దలు ఇదేం పద్ధతి అన్నారు, నేను వినలేదు. స్పీకర్లు పెట్టొద్దని పాస్టరు గారిని అడిగాను. సరేనన్నారు. మామూలు గొంతుతో వాక్యం చదివారు. చివరి వరస దాకా అందరికీ చక్కగా వినబడింది. నాలుగేళ్ళు ఆవిడని బయట కూర్చోబెట్టింది ఇంత చిన్న పని చెయ్యక.

అప్పుడు వరండాలోకి వెళ్ళాను. తల్లీ తండ్రీ లోపల పెట్టె దగ్గర ఉన్నారు. పాప తనంతట తనే చాప తెచ్చి పరిచి, ఎడమ పక్కన కూర్చుంది. కుడి పక్క సగం వదిలేసింది. చేతిలో దారం ఉండ. నేను మోకాళ్ళ మీద కూర్చుని నెమ్మదిగా పిలిచాను.

"రామ్మా, లోపలికి వెళ్దాం. మామ్మ లోపలే ఉన్నారు. చప్పుడు లేదు చూడు."

పాప వంతెన మీదనుంచి చూపు తిప్పలేదు. నా గొంతుతో, నేను అన్నది అన్నట్టుగా అంది.

"పండగయ్యాక చూద్దాం మామ్మగారూ."

ఆ మాటకి ఆ పిల్ల లెక్కలో అర్థమేమిటో చెప్పగలిగిన మనిషి లోపల పెట్టెలో ఉన్నారు. నేను చాప అవతల గచ్చు మీద కూర్చుని, కిటికీలోంచి వస్తున్న కీర్తన విన్నాను. వంతెన మీద రైలొకటి వెళ్ళింది. పాప దారాన్ని ఒకసారి లాగి చూసింది, ఇంకోసారి లాగింది. దారం కొస చాప మీద ఖాళీగా ఉన్న సగంలో పడి ఉంది. దాన్ని అందుకుని వేలికి చుట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.