అమ్మ బాయిలోకి దిగిన రోజు

మా నాయిన ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేశాడు. ఆ ముప్పై ఏళ్లూ ఆయనకు టిఫిను కట్టింది అమ్మే. అయినా బాయి లోపల ఎట్లా ఉంటుందో ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ఆ రోజుల్లో ఆడవాళ్లను కిందికి దిగనిచ్చేవాళ్లు కాదు.

మాది వేములపల్లి పక్కన గొర్రెలు కాసుకునే కుటుంబం. పెళ్లయిన కొత్తలో నాయిన మందను తమ్ముడికి అప్పజెప్పి, ఖమ్మం అవతల ఉన్న ఒక బొగ్గు ఊరికి వెళ్లిపోయాడు. నేను అక్కడి క్వార్టర్‌లోనే పుట్టాను. పదో తరగతి దాకా సైరన్ వింటూనే నిద్రలేచేదాన్ని. నాయిన రిటైరయ్యాక ఇద్దరూ సొంతూరికి వచ్చేశారు. నేను మిర్యాలగూడలో టీచర్‌ని. వాళ్లింటికి స్కూటీ మీద పావుగంట. రెండు రోజులకోసారి ఎవరో ఒకరం ఒకరింట్లో అన్నం తింటూనే ఉంటాం.

అక్కడ మూతపడిన ఒక పాత బాయిని శుభ్రం చేసి, కొంతదూరం దాకా జనానికి చూపిస్తున్నారని నాయినతో పనిచేసిన ఒకాయన ఫోన్లో చెప్పాడట. ఆ రాత్రి నాయిన అన్నం సరిగా తినలేదని అమ్మ నాకు చెప్పింది. ఒంట్లో బాగాలేకనేమో అనుకున్నాను. తెల్లారి వెళ్లి చూస్తే ఆయన ఇస్త్రీ చొక్కా తీసి మంచం మీద పెట్టుకున్నాడు.

నేను కారు నేర్చుకుని ఆర్నెల్లే అయింది. అంత దూరం ఎప్పుడూ నడపలేదు. ఆదివారం పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరేదాకా నాయిన చూపు రోడ్డు మీదే. ప్రతి లారీకీ కాళ్లు బిగబట్టుకుని కూర్చున్నాడు. కోదాడలో ఇడ్లీ తిని ఖమ్మం రోడ్డెక్కాక భయం వదిలి మాటలు మొదలుపెట్టాడు. లోపల పైకప్పు ఎంత కిందికి ఉంటుందో, కూర్చుని తింటుంటే ఎలుకలు ఎట్లా చుట్టూ చేరేవో, కర్రతో పైకప్పును కొట్టి ఆ చప్పుడును బట్టి రాయి గట్టిదో గుల్లదో ఎట్లా చెప్పేవాళ్లో. ఇవన్నీ మేం వందసార్లు విన్నవే. వెనక సీట్లో అమ్మ బత్తాయి వలుస్తూ, సగం అబద్ధాలేనని నాకు వినపడేటట్టు గొణిగింది.

బాయి దగ్గర మమ్మల్ని ఎదురొచ్చి పిలిచింది ఒక అమ్మాయి. పాతికేళ్లుంటాయేమో. నెత్తిన హెల్మెట్, కాళ్లకు రబ్బరు బూట్లు. ఆ ఊళ్లోనే పుట్టిందట, ఇప్పుడు వేరే బాయిలో పనిచేస్తూ సెలవు రోజుల్లో ఇక్కడ చూపిస్తుందట. బాయిలో అంటే ఆఫీసులోనా అని అమ్మ అడిగింది. లోపలే, కిందనే అని ఆ అమ్మాయి చెప్పింది. అమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, బూట్ల నుంచి హెల్మెట్ దాకా మళ్లీ ఒకసారి చూసింది.

దిగేముందు అందరికీ బీపీ చూస్తారు. అమ్మది బాగానే ఉంది. నాది బాగానే ఉంది. నాయినది చూసిన నర్సు మళ్లీ ఒకసారి చూసింది. పది నిమిషాలు కూర్చోబెట్టి మూడోసారి చూసింది. తగ్గలేదు, ఇంకొంచెం పెరిగింది. పెద్దాయనను దింపడం కుదరదని మెల్లగా చెప్పింది.

నాయినకు అర్థం కాలేదు. తను ఎవరో చెప్పాడు. ఏ బాయిలో, ఏ షిఫ్టులో, ఎన్నేళ్లు దిగాడో చెప్పాడు. చెప్పినకొద్దీ మొహం ఎర్రబడింది. ఆ అమ్మాయి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని, తాతా, మీకు తెలియనిది కాదు, రూలు రూలే కదా అంది. రూలు అన్న మాట విన్నాక నాయిన ఊరుకున్నాడు. బాయిలో రూలు తప్పితే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

ఇక తిరిగి వెళ్లిపోదామని నేను అనుకుంటుండగానే అమ్మ చీర కొంగు నడుముకు దోపుకుంది.

"నేను పోత. నువ్వు గీడ కూసో," అంది.

నాయిన ఆమె వంక చూశాడు. తర్వాత లేచి, ఆమె హెల్మెట్ పట్టీ బిగించి, లైటు బ్యాటరీని నడుముకు తనే కట్టాడు. చేతులు చకచకా పని చేశాయి. తల వంచుకుని నడువు, తడిలో అడుగు చూసి వెయ్యి, ఆ పిల్ల చెప్పినట్టు విను అని మూడుసార్లు చెప్పాడు. నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఏటవాలుగా కిందికి పోయే దారి. పక్కన పాత పట్టాలు. పది అడుగులు వేసేసరికి ఎండ వెనకబడి చల్లగాలి మొహానికి తగిలింది. అమ్మ ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంకో చేత్తో నా వేళ్లు పట్టుకుని దిగింది. గోడలు మా లైట్లకు నల్లగా మెరిశాయి. ఎక్కడో నీటి చుక్కలు పడుతున్నాయి. కింద ఒకచోట పైకప్పు నా నడుమెత్తుకు వచ్చేసింది. అక్కడ కూర్చునే తినేవాళ్లని ఆ అమ్మాయి చెప్పింది.

అమ్మ అక్కడే కూర్చుంది. నిజంగానే కాళ్లు మడిచి, అన్నానికి కూర్చున్నట్టు. చుట్టూ చూసి, నాయిన చెప్పింది నిజమేనని నాతో మెల్లగా అంది. తర్వాత కర్ర ఉందా అని అడిగింది. ఆ అమ్మాయి నవ్వుతూ తన చేతికర్ర ఇచ్చింది. అమ్మ పైకప్పును ఠంగుమని కొట్టి, తల పక్కకు వంచి విన్నది.

"గట్టిగనే ఉన్నది," అని తీర్పు చెప్పింది.

ఆ అమ్మాయి ఆశ్చర్యపోయి, ఎవరు నేర్పారమ్మా అంది. ఇంటికాడ రోజూ ఇదే పాఠమని అమ్మ చెప్పింది. ముగ్గురం నవ్వితే ఆ నవ్వు చీకట్లో చాలా దూరం పోయింది. లైట్లన్నీ ఒక్క నిమిషం ఆర్పి చూపిస్తానని ఆ అమ్మాయి అంటే నేను వద్దన్నాను. అమ్మ మాత్రం సరే అంది. ఆ చీకట్లో నా చెయ్యి ఎక్కడుందో నాకే తెలియలేదు. అమ్మ ఊపిరి మాత్రం నిదానంగా వినిపించింది.

పైకి వచ్చేసరికి నాయిన మేం కూర్చోబెట్టి వెళ్లిన షెడ్డు కింద లేడు. బాయి మూతి దగ్గర కట్టిన గొలుసును పట్టుకుని నిలబడ్డాడు. నలభై నిమిషాల్లో మేం ఎప్పుడొస్తామని అక్కడి వాచ్‌మన్‌ను ఎన్నిసార్లు అడిగాడో ఆ వాచ్‌మనే మాకు చెప్పాడు. అమ్మ మొహం మీద బొగ్గు మరక ఉంది. నాయిన దాన్ని చూసి, తుడవబోయి, ఊరుకున్నాడు.

"బయట కూసునుడు గింత కష్టమని నాకెర్కలేకుండె," అన్నాడు.

"నేను ముప్పయ్యేండ్లు కూసున్న. నువ్వొక్కనాడు కూసుంటే ఏమైతది," అంది అమ్మ.

ఆయన నవ్వాడు. తలపాగా తీసి మొహం తుడుచుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వాడు. అమ్మ కూడా ఆగలేక గొలుసు పట్టుకునే నవ్వింది. నర్సు బయటికి వచ్చి మమ్మల్ని చూసి తనూ నవ్వింది, ఎందుకో తెలియకపోయినా.

వచ్చేటప్పుడు కారులో వరస మారింది. అమ్మ చెబుతుంటే నాయిన విన్నాడు. నీళ్లు ఏ పక్క కారుతున్నాయి, పైకప్పుకు ఆసరాగా పెట్టిన దిమ్మెలు ఎట్లా ఉన్నాయి, గాలి ఆడుతుందా అని ఆయన అడుగుతూ పోయాడు. ఆమె అన్నింటికీ జవాబు చెప్పింది. తెలియనివి కల్పించి చెప్పింది. ఎలుకలను కూడా చూశానంది. నేను అద్దంలో ఆమెను చూశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఎక్కడిదాకా పోయారని నాయిన అడిగితే చెప్పింది. అది సగం దారి కూడా కాదన్నాడాయన. తనకు సగం చాలంది అమ్మ.

హుజూర్‌నగర్‌లో టీకి ఆగినప్పుడు, దసరా సెలవుల్లో మళ్లీ పోదామని, అప్పటిదాకా బీపీ గోలీలు ఒక్కరోజు కూడా తప్పించనని నాయిన నాకు మాటిచ్చాడు. మొహాన బొగ్గు మరకతోనే టీ తాగుతున్న అమ్మ, అప్పుడు తనే ముందు నడుస్తానంది.