మాస్టారి అంబాసిడర్

బాపట్లలో మా ట్రక్కులు ఆగేటప్పటికి వాన నిలిచింది, గాలి నిలవలేదు. తుఫాను తీరం దాటిన మర్నాటి ఉదయం అది. రోడ్డుకి అడ్డంగా తాడిచెట్లు, కరెంటు స్తంభాలు. కోసుకుంటూ, పక్కకి నెట్టుకుంటూ మధ్యాహ్నానికి రేపల్లె చేరాం. నా సామాను పానాల పెట్టె, గ్రీజు డబ్బా, ఒక జత పొడిబట్టలు. నేను సైన్యంలో హవల్దారుని, బండ్ల మెకానిక్కుని. మా ఊరు కొలకలూరు. సర్వీసంతా మంచుకొండల్లో చేశాక మొదటిసారి సొంతగడ్డ మీద డ్యూటీ పడింది. ఇంటికి వెళ్ళడానికి అనుమతి లేదు. నేను అడగనూ లేదు.

"ఎన్ని తూటాలు కాల్చావురా?" అని మా ఊళ్ళో ఇప్పటికీ అడుగుతుంటారు. ఒక్కటీ కాల్చలేదు. అయినా ఈ సంగతి మాత్రం మీసం మెలేసే చెప్తాను.

మర్నాడు పొద్దున్నే రేపల్లె పక్క పల్లెలో, చర్చి ఆవరణలోని శిబిరం నుంచి కబురొచ్చింది. సుగుణ అనే కూలీ అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందని, తెనాలి చేర్చకపోతే ఇద్దరూ దక్కరని నర్సు తేల్చి చెప్పింది. దారిలో కల్వర్టు సగం కూలింది. మా ట్రక్కు బరువు అది మోయదు.

రేడియో ఆపరేటర్ ఒడిశా కుర్రాడు. వాడు హెడ్‌ఫోన్ తీసి నాతో అన్నాడు: "ఉస్తాద్, అంబులెన్సులన్నీ వేరే ఊళ్ళలో ఉన్నాయట. రెండు గంటల పైమాటే."

ఊళ్ళో కార్లన్నీ నీళ్ళు తాగి పడున్నాయి. చర్చి పక్క మెట్ట మీద ఎత్తుగా ఉన్న ఒక్క తెల్ల అంబాసిడర్ మిగిలింది. అది రత్నం మాస్టారిది. రిటైరైన హెడ్మాస్టరు, డెబ్బై దాటిన మనిషి.

"స్టార్ట్ కావట్లేదు బాబూ," అన్నారాయన, తాళంచెవి నా చేతిలో పెడుతూ.

బానెట్ ఎత్తాను. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత లోపల చెమ్మ. పొడిగుడ్డతో తుడిచి, పాయింట్లు రుద్ది పెట్టాను. సెల్ఫ్ కొడితే ఇంజను అందుకుంది. సుగుణనీ, వాళ్ళమ్మనీ, నర్సునీ వెనక ఎక్కించాం. స్టీరింగ్ మాస్టారే పట్టారు. కారు గేటు దాటి కాస్త దూరం వెళ్ళి ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ అందుకుంది, మళ్ళీ ఆగింది.

"ఇది బండా, కొత్త పెళ్ళికూతురా? అడుగుకోసారి ఆగుతోంది," అన్నారు మా పై అధికారి సుబేదార్ సాబ్ హిందీలో. ఆయన నవ్వలేదు. లోపల సుగుణ పళ్ళు బిగబట్టి మూలుగుతోంది.

"అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఏదోటి చెయ్యన్నా," అంది వాళ్ళమ్మ.

కార్బురేటర్ విప్పి చూశాను. గిన్నె ఖాళీ. పెట్రోలు పంపు బాగానే కొడుతోంది, పైపులో చెత్త లేదు. ట్యాంకు సగం పైనే ఉంది. మరి పెట్రోలు ఎందుకు రావట్లేదు?

"కాసేపు ఊరుకుంటే అదే సర్దుకుంటోందండి," అన్నారు మాస్టారు.

ఆ మాట పట్టుకున్నాను. వెనక్కి పరిగెత్తి చూస్తే ట్యాంకు మూత కనపడలేదు. నాలుగు మడతల పాలిథీన్ కవరు, దాని మీద సైకిల్ ట్యూబుతో గట్టిగా చుట్టిన కట్టు ఉన్నాయి.

"ఇదేంటి మాస్టారూ?"

"తుఫాను కబురు రాగానే కట్టేశాను నాయనా. బియ్యం, బైబిలు, సర్టిఫికెట్లు, దాంతోపాటు ఇదీ. చుక్క నీరు దిగకూడదని."

మా సముద్రం వైపు అందరూ చేసేదే. హెచ్చరిక వస్తే ఇంట్లో ఉప్పుడబ్బాకి కూడా సైకిల్ ట్యూబు పడుతుంది. కానీ ట్యాంకు మూతకి సన్నటి బెజ్జం ఉంటుంది. పెట్రోలు తగ్గినకొద్దీ అందులోంచి గాలి లోపలికి వెళ్ళాలి, లేకపోతే పంపు ఎంత లాగినా పెట్రోలు రాదు. మాస్టారు దాని ముక్కు మూసేశారు.

కత్తితో ట్యూబు తెంపి మూత తిప్పాను. ట్యాంకు స్స్‌మని గాలి పీల్చుకుంది. అంత కమ్మటి చప్పుడు నా సర్వీసులో వినలేదు.

కల్వర్టు మీద మోకాటిలోతు నీళ్ళు. అంచు తెలియడానికి మా జవాన్లు రెండు వరసలుగా నీళ్ళలో నిలబడ్డారు. కారు వాళ్ళ మధ్యనుంచి నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా వెళ్ళింది. నేను ఇంజను చప్పుడే వింటున్నాను. అవతలి గట్టెక్కి మలుపు తిరిగింది. పడవల మోటార్లు చూడాలి కాబట్టి నాకు వెంట వెళ్ళే ఆర్డరు లేదు.

ఆ తర్వాత నేను చేసిన పనేదీ నాకు గుర్తులేదు. మధ్యాహ్నం రేడియో ఆపరేటర్ గట్టు మీదనుంచి అరిచాడు: "ఉస్తాద్! బండి చేరింది. ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం!" సుబేదార్ సాబ్ తన మగ్గులో టీ నాకిచ్చారు. ఏ పతకానికీ అంత పొంగిపోలేదు నేను.

వారం తర్వాత మా దళం తెనాలి మీదుగా వెనక్కి బయల్దేరింది. ఊరి చివర రోడ్డు పక్కన ఆ అంబాసిడర్ ఉంది. సుగుణ వాళ్ళమ్మ పసిదాన్ని రెండు చేతులా ఎత్తి చూపిస్తోంది. పక్కన మాస్టారు నిటారుగా నిలబడి సెల్యూట్ చేస్తున్నారు. ట్రక్కు ఆగలేదు. లేచి నిలబడి నేనూ సెల్యూట్ చేశాను.

నేను రిటైరై వచ్చేశాను. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే రోడ్డు పక్కన ఆ అంబాసిడరే కనిపిస్తుంది. కారు లోపల ఎవరూ లేరు. నేను వినాలని మాస్టారు బానెట్ ఎత్తి ఉంచారు. ఇంజను నడుస్తూనే ఉంది.